ఈరన్న బోర్డుకు నేను పూసిన పసుపు

ఈ రోజు ఆయుధపూజ. పోయిన ఎండాకాలం జ్వరంతో చనిపోయిన నా కొడుకు ఈరన్న పనిముట్లన్నీ పొద్దున్నే తుడిచి, తడి పసుపు పూసి బొట్టు పెట్టాను. ఆదోనిలో చదువుకుంటూ వాడు చేసిన చిన్న దీపాల బోర్డునూ వదల్లేదు.

మధ్యాహ్నం వాడి స్నేహితుడు ఖాదర్ ఎమ్మిగనూరు నుంచి బస్సులో కంప్యూటరు మోసుకొచ్చాడు. దాని మీద ఏ అంకె నొక్కితే, అది తీగ గుండా పోయి బోర్డు మీద ఆ దీపం వెలుగుతుందట. అది నేనెప్పుడూ చూడలేదని పాపం చూపించడానికే వచ్చాడు. తీగ తగిలించి ఒకటి నొక్కాడు. మొదటి దీపం వెలిగింది. రెండు నొక్కేలోపే అది ఆరిపోయింది.

"దీనికేం పూసినావమ్మా?"

"పండగ కదప్పా, పసుపు పూసినా. తుడిస్తే పోతాది గదా?"

"తడికి చిప్పు కాలిపోయిందమ్మా. కొత్తది తెస్తా గానీ, ఈరన్న రాసిన ప్రోగ్రాము ఈ కాలిపోయిన దాంట్లో తప్ప ఇంగ యాడా లేదు."

నాకన్నా ముందు ఆ పిల్లాడే ఏడ్చాడు. ఊరుకోబెట్టి, ఓళిగలు పెట్టి పంపించాను. కొడుకు చేసిన వస్తువుకు పండగపూట బొట్టు పెట్టకుండా ఏ తల్లి ఉండగలదు, మీరే చెప్పండి.