డయలు మీద కూవం

చూలై పేటలో వాచీ డయళ్ళకు బొమ్మలు వేసే చిన్న వర్క్‌షాపులో నేను పనిచేసిన రోజులవి. తొంభైల నడుమ. కూవం నదిని బాగుచేస్తారని ఊరంతా ఒకటే మాట. ఆ సందర్భంలో పెద్దలకు పంచడానికి ప్రత్యేకంగా వాచీలు కావాలని ఏదో ఆఫీసు నుంచి మాకు ఆర్డరు వచ్చింది. రూపాయి బిళ్ళంత డయలు మీద శుభ్రమైన నది కనిపించాలట.

"నువ్వు దినామూ చూసే ఏరేగదమ్మా, నువ్వే గియ్యి," అన్నాడు ఓనరు. మా ఇల్లు కూవం గట్టు మీదే. నాకు పొగరెక్కింది, దాచడమెందుకు! ఆ కంపు నీళ్ళకు నీలం పులిమి, వంతెన పెట్టి, గట్టు మీద మా వరస ఇళ్ళన్నీ గీశాను. మా తలుపుకు ఎర్రరంగు కూడా వేశాను.

ఓనరు భూతద్దంలో చూసి నొసలు చిట్లించాడు. "ఈ ఇండ్లెందుకు ఈడ? చెట్లు పెట్టు."

"ఆడ ఉండేది ఇండ్లేగదా సార్!"

ఆయన ఆఫీసువాళ్ళిచ్చిన ప్లాను తెచ్చి నా ముందు పరిచాడు. వంతెన ఉంది, ఏటి వంపు ఉంది. మా వరస ఉండాల్సిన చోట పార్కు ఉంది. 

"మమ్మల్ని యాడికి పొమ్మంటారు సార్?"

"నాకేం తెలుసు మ్మా? ఇంకా నోటీసు కూడా రాలే. బయట చెప్పినావంటే ఆర్డరూ పోతుంది, నీ పనీ పోతుంది."

వెయ్యనని లేచి వచ్చేయవచ్చు. వచ్చి? ఇల్లు ఎట్లాగూ పోతుంది, అమ్మకూ నాకూ అన్నం పెట్టే పని కూడా పోతుంది. ఒళ్ళు మండిపోయింది గానీ ఎవరి మీద చూపించను? ఎనామెల్ రంగు ఆరితే చెరగదు, దాని మీదే ఇంకో పూత వెయ్యాలి. సన్నకుంచెతో ఒక్కో ఇంటి మీద ఒక్కో చెట్టు వేశాను. మా ఇంటి మీద వేపచెట్టు వేశాను.

సాయంత్రం గుమ్మంలోనే అమ్మ అడిగింది. "ఏమే, ఏరు బొమ్మ అయిందా? మన ఇల్లు పెట్టినావా అందులో?"

"పెట్టినాను మ్మా."

చెట్టు కింద ఉందిగా, అబద్ధమెట్లా అవుతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సిగ్గులేనిదాన్ని!

అమ్మ వరసంతా తిరిగి చెప్పొచ్చింది. "పెద్దోళ్ళంతా వాచీల్లో మన ఇండ్లు చూస్తారంట. రేపు ఈడికొస్తే, ఇట్లా మాసిపోయి ఉంటే నవ్వరా?" అని శనివారం సున్నం నానబెట్టింది. ఆమెను చూసి పక్కిళ్ళవాళ్ళూ నానబెట్టారు. ఆదివారం పొద్దున, ఇప్పుడైనా చెప్పేద్దామని నోరు తెరిచాను. అమ్మ నా చేతికి కొబ్బరిపీచు ఇచ్చి, "నీది మంచి చెయ్యి, ముందుగోడ నువ్వు కొట్టు," అంది.

కొట్టాను. ఆ తెలుపు మాయకముందే నోటీసు వచ్చింది. చదివి చెప్పమని అమ్మ దాన్ని నా దగ్గరికే తెచ్చింది.