పైకప్పు గట్టిదేనన్నాను

నా డైరీకి కూడా చెప్పని మాట ఇది. నేను మా తాతకు ఒక అబద్ధం చెప్పాను. ఆ రోజు పేజీలో వాన పడిందని మాత్రం రాసుకున్నాను. నిజానికి వాన కూడా పడలేదు.

తాత బొగ్గుబావిలో పనిచేసి రిటైరయ్యాడు. ఆహారనాళంలో క్యాన్సర్ అన్నారు. కణితి ముక్కను పరీక్షకు పంపితే రిపోర్టు వచ్చింది. అందులో ఒక ప్రొటీన్ చాలా ఎక్కువగా ఉందని, ఇలాంటివి ఆపరేషన్ చేసినా తొందరగా తిరగబెడతాయని డాక్టరు నాకు విడిగా చెప్పాడు. ఇంట్లో ఇంగ్లిషు చదివేది నేనే. నలుగురిలో నోరు విప్పలేని నామీదే పడింది ఆ పని.

బావిలో పైకప్పును కర్రతో తట్టి చూస్తారట. ఖంగుమంటే కింద పనిచేస్తారు, డొల్లగా మోగితే పక్కకు జరుగుతారు. రిపోర్టు చూపించి తాత అదే అడిగాడు.

"పైకప్పు ఎట్లున్నది బిడ్డ? డొల్లదైతే చెప్పు, రామకృష్ణాపూర్ పోయి అన్నతోని మాట్లాడొస్త. గట్టిదైతే వాడే రావాలె."

అన్నదమ్ములకు మాటల్లేవు. దసరాకు పెద్దతాత మేకను కోయించి పోగులు వేస్తే, తాత పోగులో కార్జం ముక్క పడలేదు. అంతే.

"గట్టిదే తాత. ప్రొటీన్ మస్తున్నది," అన్నాను.

ఎందుకన్నాను? ప్రేమా, పిరికితనమా? ఆయన ముఖం చూసి నిజం చెప్పలేకపోవడాన్ని ప్రేమ అనుకోవడం నాకు సులువు, ఇప్పటికీ నిద్ర పట్టకపోతే అలాగే అనుకుంటాను.

మర్నాటి నుంచి తాత టీకొట్టు దగ్గర, తన గడ్డలో ఉన్నంత ప్రొటీన్ కాలనీలో ఎవరికీ లేదని చెప్పుకున్నాడు. పక్క క్వార్టర్ కాక తనకూ ఆ పరీక్ష రాయమని దవాఖానకు పోయి తిట్లు తిని వచ్చాడు. నేనూ నవ్వాను. అది తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆపరేషనైన కొన్ని నెలలకే జబ్బు తిరగబెట్టింది. తాత పోయాడు. పిట్టకు పెట్టే రోజు పెద్దతాత ఒక మేక కార్జం మొత్తం వండించి తెచ్చి, ఏడుస్తూ విస్తరిలో పెట్టాడు. కాకులు ఎంతకీ ముట్టలేదు. చచ్చినా వీని అలక తీరలేదని పెద్దతాత అంటే, ఏడుస్తున్నవాళ్లు కూడా నవ్వారు. తాత తానే వస్తానన్నాడని, ఆపింది నా అబద్ధమని అప్పుడైనా చెప్పవలసింది. చెప్పలేదు. ఇప్పుడు, ఇది చదివే నీకు చెప్పాను. క్షమించమని అడగను. గొంతులో అడ్డం పడ్డది కొంచెం కిందికి దిగినట్టుంది.

ఆఖరిసారి దవాఖానకు తీసుకుపోతుంటే, పెద్దతాతకు ఫోన్ చేయనా అని ఆటోలో అడిగాను. తాత నా భుజం మీద వాలి, ఉన్న కొద్ది గొంతుతో అన్నాడు:

"ఆగనియ్యి బిడ్డ, వాడే వస్తడు. పైకప్పు గట్టిగున్నదాయె, మనకు ఫికరేంది?"