ఖాలమ్మ దాల్చాలో ఉప్పు

సాయంత్రం అజాన్ వినిపించడానికి కాసేపు ముందు మా పెరటి గోడ మీదుగా ఆ వాసన వస్తుంది. ఎర్రగా వేగిన ఉల్లిపాయ, పుదీనా, పప్పులో మరుగుతున్న చింతపండు పులుసు. ఈ రంజాన్‌లోనూ వస్తోంది. ఎవరికైనా నోరూరాలి. నాకు మాత్రం ముందు తల దించుకోవాలనిపిస్తుంది. నోరు ఆ తర్వాత ఊరుతుంది.

నిజామాబాద్‌లో మా ఇల్లూ ఖాలమ్మ ఇల్లూ వీపులు ఆనించుకుని ఉంటాయి. మధ్యలో ఛాతీ ఎత్తు గోడ. నాది గాజుల దుకాణం. టౌన్లో సగంమంది ఆడవాళ్ల చేతి కొలత నాకు నోటికొచ్చు. గోడవతలి మనిషి పేరు మాత్రం ఏళ్ల తరబడి తెలియదు. సిగ్గుండాలి! లాక్‌డౌన్‌లో దుకాణం మూతబడ్డాక, ఒకరోజు బట్టలారేస్తుంటే ఒక ముసలామె గోడ మీద కరివేపాకు రెబ్బలు పెట్టింది. "తీస్కో బేటీ, ఊకె రాలిపోతున్నది" అంది. పిన్నిని పిలిచినట్టు ఖాలమ్మా అని పిలవడం ఆ రోజే మొదలుపెట్టాను.

ఆ తర్వాత పొద్దుపోవడానికి ఇద్దరికీ ఆ గోడే దిక్కయింది. ఆమె భర్త బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి కాలం చేశాడు. కూతురు షబానాను కూడా అక్కడే ఇచ్చారు. తను అక్కడికి కొత్తగా కాపురానికి పోయినప్పుడు, వీధి పిల్లలతో కలిసి చెరుకు లారీ వెంట ఉరికి గడ గుంజిందట ఖాలమ్మ. "మా ఇంటాయన సూసిండు. ఇంటికొచ్చి మస్తు తిట్టిండు. తిట్టుకుంట తిట్టుకుంట గా చెరుకే నమిలిండు" అని చెప్పి, గోడ పట్టుకుని పడీపడీ నవ్వింది. నవ్వితే ముందరి పన్ను ఒకటి లేదని కనిపించేది.

రంజాన్ వచ్చింది. మొదటిరోజు సాయంత్రం, సొరకాయ ముక్కలు వేసి చేసిన దాల్చా చిన్న గిన్నెలో తెచ్చింది. "ఒక్కపొద్దున్న గద, నేను నాలుక మీద పెట్టుకోను. ఏటేటా షబానా పిల్లలు రుచి సూసెటోళ్లు. గిప్పుడు బస్సులు బందాయె. జర నువ్వు ఉప్పు సూసి చెప్పు బేటీ."

ఆ రోజుల్లో ఫోన్ తెరిస్తే చాలు, రోగాన్ని తురకోళ్లే అంటిస్తున్నారని ఒకటే పుకార్లు. "గా గిన్నె లోపటికి తేకు" అన్నాడు మా ఆయన. ఆయన అనకపోయినా నేను తెచ్చేదాన్ని కాదు. ఆమె ముందు నవ్వుతూ అందుకున్నాను. ఇవతలికొచ్చి మోరీలో పారబోశాను. సబ్బుతో చేతులు కడుక్కుని మళ్లీ గోడ దగ్గరికి పోయి, "మస్తున్నది ఖాలమ్మా, ఉప్పు సరిపోయింది" అన్నాను. "సల్లగుండు బిడ్డా" అంది. మర్నాడూ అంతే, ఆ తర్వాతా అంతే. ఎంత తేలిగ్గా అబ్బిందో నాకు ఆ విద్య!

ఒకరోజు మాత్రం ఆ వాసనకు ఆగలేకపోయాను. మా ఇంట్లో రోజూ అదే పచ్చిపులుసు, అదే పచ్చడి. మోరీ దాకా పోయినదాన్ని నిలబడి ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాను. చప్పగా ఉంది. ఉప్పు రవ్వంత కూడా లేదు. పొద్దంతా మంచినీళ్లు కూడా ముట్టని ముసలిమనిషి ఇంకాసేపట్లో దీన్ని తింటుందే అనిపించింది. గిన్నెతోనే ఉరికాను.

"ఖాలమ్మా! అసలు ఉప్పే ఎయ్యలే నువ్వు!"

ఆమె నా ముఖంలోకి చూసింది. ఆ పన్ను లేని సందు కనిపించేలా నవ్వింది. "ఇయ్యాల తిన్నవా బేటీ" అంది.

ఆమే చెప్పింది. "మొదటినాడు నిజంగనే మర్సిపోయిన. నువ్వేమో సరిపోయిందంటివి. ఒక్కపొద్దు ఇడిసేటప్పుడు నోట్లె పెట్టుకుంటే తెల్సింది. గప్పటిసంది నీ గిన్నె తీసినంకనే కుండల ఉప్పేస్తున్న. నువ్వు తిన్ననాడు నువ్వే చెప్తవనుకున్న."

"మరి తెల్సి గూడ రోజూ ఎందుకిచ్చినవ్?"

"అడుగుడు బంద్ జేస్తే నువ్వు గోడకాడికి వచ్చుడు బంద్ జేస్తవ్. మాట్లాడేటందుకు నాకింకెవరున్నరు?"

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. నేనూ నాలుగు మాటలని బయటపడేదాన్ని. ఏడుపొచ్చింది. "ఏడుస్తవేంది? పో, మీ ఇంట్ల ఉప్పు తే. జల్ది, టైమైతున్నది" అని కసిరింది. తెచ్చాను. నా చేత్తోనే కుండలో వేయించుకుంది. మళ్లీ చూసి, ఈసారి సరిపోయిందని నిజంగా చెప్పాను. ఆ పూట నుంచి ఆ నెలంతా తిన్నాను. మా ఆయన చూస్తుండగానే తిన్నాను. మళ్లీ ఆమె ఆ మాట ఎత్తలేదు.

ఖాలమ్మ ఇప్పుడు లేదు. షబానా ఆ ఇంటికి మారింది. వచ్చాక మొదటి రంజాన్‌లో గోడ మీద గిన్నె పెట్టి, "అక్కా, అమ్మీ ఎప్పుడు జెప్పేది. లాక్‌డౌన్‌ల దినాం మీరే ఉప్పు సూసెటోళ్లంట గద. ఒక్కదినం గూడ తప్పలేదంట. మా గోడవతలి పడోసి నా బిడ్డతోటి సమానం అనేది" అంది. ఎంత నమ్మకంగా చూసిందో!

ఇప్పుడు నేను గిన్నె ఇవతలికి తీసుకురాను. గోడ దగ్గరే నిలబడి, షబానా కళ్లముందే తింటాను. తక్కువైతే తక్కువైందంటాను, ఎక్కువైతే ఎక్కువైందంటాను. వాళ్లమ్మ ఆ ఇంట్లో నాకు పెట్టిపోయిన మంచిపేరు నాది కాదని మాత్రం ఇంతవరకూ చెప్పలేకపోయాను.