చిట్టి చింతకు దేవదారు బెరడు

మొక్కను పళ్లెంలో పెట్టి, పెరగనివ్వకుండా కత్తిరిస్తూ, దాన్ని చెట్టు అని మురిసే ఆడమనిషి దగ్గర నేను మూడేళ్లు పనిచేశాను. విజయపురి సౌత్‌లో డ్యాం ఇంజినీరు గారి క్వార్టరు అది. ఆయన భార్యను అమ్మగారూ అని పిలిచేదాన్ని. ఇప్పుడైతే పిలవను.

ఆ మరుగుజ్జు చెట్లను బోన్సాయ్ అంటారట. అందులో జానెడు చింతచెట్టు ఒకటుండేది. కాయ కాయదు, చిగురు కోసి పప్పులో వేద్దామన్నా ఆమె చెయ్యి పెట్టనివ్వదు. అయినా రోజూ నీళ్లు పోశాను. ఎందుకంటే పెరట్లో రేకుల గది నాకిచ్చింది. నా మొగుడు పోయిన నెలలోపే అత్తవారు తలుపేసుకున్నారు. ఆ గది పోతే నాకు ఇంకో చూరు లేదు.

ఒకరోజు ఆమె ఇంగ్లీషు పుస్తకం తెచ్చి, వీటికి ఉత్త మట్టి పనికిరాదు, పైన్ బెరడు కలపాలి అంది. బొమ్మ చూడగానే గుర్తుపట్టాను. మేం దేవదారు అంటాం. చిలకలూరిపేట మిల్లుకు మిషన్లు ఆ చెక్కపెట్టెల్లోనే వచ్చేవి. పెట్టెల కింద వేసే దుంగలకు బెరడు అలాగే ఉండేది. నా మొగుడు అవి దించే హమాలీ. ఒక పెట్టె జారి మీదపడే చచ్చాడు.

తెస్తానన్నాను. నోరు మూసుకుని ఉండాల్సింది.

మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను చూసి లేచాడు.

"ఏందక్కా, మళ్లీ వచ్చావ్? లోపల నీ నష్టపరిహారం సంగతి ఎవురూ మాట్లాడరు."

"మాటలకి రాలేదులే. ఆ దుంగల బెరడు ఒలుచుకుంటా."

"మందుకా?"

"మొక్కలకంట."

"చెట్టు తోలు తీసి చెట్టుకే పెట్టటమా! ఏ మహాతల్లి చెప్పింది?"

"తిన్నది అరగనామె."

మొగుడు చచ్చిన చోట కూర్చుని కొడవలి మొనతో రెండు గోతాల బెరడు ఒలిచాను. బస్సులో కండక్టరు గోతాం తన్ని చూశాడు.

"ఏంది పిన్నీ ఇది, మొసలి తోలా?"

"కండక్టరు తోలు. టికెట్టు కొట్టు."

వగరు పోవాలని ఆమె అంటే, ఒక గోతాం పీపాలో పది రోజులు నానేశాను. నీళ్లు డికాక్షన్‌లా ఎర్రగా దిగేవి. రోజూ పారబోసి కొత్త నీళ్లు పట్టేదాన్ని. తర్వాత నీడన ఆరబోశాను. "దంచి జల్లించు" అని చెప్పి ఆమె లోపలికెళ్లింది.

దంచి జల్లించడం నాకొకరు నేర్పాలా? పల్నాడులో పుట్టాను. మిరపకాయలు దంచినట్టే దంచాను. జల్లెడ కిందికి దిగిన మెత్తటి పొడి సరుకు, పైన మిగిలిన పలుకులు మళ్లీ రోట్లోకి. గోతాం బెరడంతా కారంపొడిలా చేసి ముందు పెట్టాను. ఆమె వేళ్లతో నలిపి చూసి, "భలే మెత్తగా చేశావే" అంది. పళ్లెంలో పాత మట్టి తీసేసి, తన చేత్తోనే చింతచెట్టు చుట్టూ నింపుకుంది.

నెల తిరక్కముందే ఆకు పసుపుబారింది, రాలింది. ఆ ఆదివారం పక్క క్వార్టరామె టీవీ చూడటానికి వచ్చింది. నేను వింటుండగానే ఇంజినీరు గారి భార్య ఆమెతో అంది, "మొగుణ్ణి మింగినదాని చెయ్యండీ. పచ్చనిది బతుకుతుందా?"

నేను వెళ్లి చెట్టును పళ్లెంలోంచి పీకి వాళ్ల మధ్య పెట్టాను. వేరు నల్లగా కుళ్లి, పొడంతా పేడముద్దలా పట్టుకుని కంపు కొట్టింది.

"చూడండి అమ్మగారూ. నీళ్లు దిగక చచ్చింది. నా చెయ్యేం జేసింది?"

పక్కింటామె ఆ ఇంగ్లీషు పుస్తకం తిరగేసింది. "ఇదుగోండి, శనగగింజంత ముక్కలు ఉంచుకుని పొడి పారెయ్యాలని రాశాడు కదా?"

అమ్మగారి మొహం మాడింది. "చదువురాని దానికి చెప్పినా ఎక్కదు."

"నువ్వు చెప్పిందెక్కడ? చదివింది నువ్వు, నింపిందీ నువ్వు."

నేను 'నువ్వు' అన్నందుకు ఆమె లేచి నిలబడింది. "తప్పు నీ చేతిదేనని ఇక్కడే ఒప్పుకో. ఒప్పుకుని మిగతా చెట్లకు రెండో గోతాం సరిగ్గా దంచు. లేదా గది ఖాళీ చెయ్యి."

గది నాకు కావాలి. ఎంత కావాలో ఆమెకూ తెలుసు, అందుకే ఆ మాట అంది. నేను పెరట్లోకి నడిచాను. రోలు దగ్గరికే వెళ్తున్నానని అనుకుని ఉంటుంది. స్నానాల గది పక్కన నీళ్లకాగు కింద పొయ్యి రాజేసి, రెండో గోతాం బెరడంతా అందులో కూరాను. ఎండు బెరడు కదా, చిటపటమని అంటుకుంది. వాసనకు ఆమె పరిగెత్తుకొచ్చింది.

"ఏం చేస్తున్నావే!"

"నీళ్లు కాస్తన్నా. చన్నీళ్లు కలుపుకుని పోసుకో."

రేకుల గది తాళంచెవి ఆ మరిగే కాగులో వేసి, చాప చంకన పెట్టుకుని మాచర్ల బస్సెక్కాను. ఎక్కడ తల దాచుకోవాలన్నది బస్సు కదిలాక ఆలోచించుకున్నాను.