చిన్నాయన నోట ‘ఫో’

మా చిన్నాయన మిలిటరీలో వంటవాడు. వియత్నాంలో యుద్ధం ఆగాక, సంధి అమలు చూడటానికి మన దేశం పంపిన వాళ్లతో వెళ్లి కోయిలకుంట్లకు తిరిగొచ్చాడు. వచ్చింది మొదలు, కోడి శేర్వా నోట పెట్టుకోగానే కళ్లు మూసుకుని, నిట్టూర్చి, “ఫో” అనేవాడు.

మా ఊరి చెవులకు ఫ, ప ఒకటే. చిన్నమ్మకు అది “పో” అని వినబడేది. కొన్నాళ్లు ఓర్చుకుని, ఒక మధ్యాహ్నం చీరలు మూట కట్టింది.

“యాడికి పోతాండావు?” అన్నాడు చిన్నాయన, చేతిలో గిన్నెతోనే.

“నందికొట్కూరికి, మా అమ్మోళ్లింటికి. తినేటప్పుడల్లా పొమ్మంటాండావు కదా. ఆ దేశంలో ఎవుతుండాదో, ఆయమ్మనే పిల్సుకో.”

చిన్నాయన తెల్లబోయాడు. గిన్నెలోకి చూశాడు.

“ఫో అంటే హనాయిలో శేర్వా. బియ్యప్పిండి సేమ్యా ఏసి ఇస్తారు. సైగాన్‌లో ఇంగోటుండాది, హూటియూ అంటారు. అది శానా తీపి, నాకు పడలే. ఫో అయితే తేటగా నీ శేర్వా మాదిరే ఉంటాది. కారమొకటే లేదు.”

“ఎవురు చేసిపెట్నారు?”

“బోసినోటి తాత.”

చిన్నమ్మ మూట మీదే కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది. తర్వాత లేచి, ఆయన గిన్నెలో ఇంకో గరిటె పోసింది.

“ఇప్పుడను” అంది.