పసుపు కొవ్వు

మొన్న శుక్రవారం కొద్దిలో తప్పింది గానీ, లేకుంటే ఈపాటికి దొంగ అనిపించుకుని రాయచోటి టికెట్ చేతిలో పట్టుకునేవాణ్ణి. నేనేం చేసినానో తెలుసా? దూడకు పచ్చగడ్డి పెట్టినాను. అంతే! నవ్వొద్దండప్పా, టీ తాగుతా పూర్తిగా వినండి.

ఈ సౌదీలో, అల్ ఖర్జ్‌లో నా పని హౌస్ డ్రైవర్. వీసా ఇచ్చిన యజమానిని ఈడ కఫీల్ అంటారు. పొద్దున్నే మా కఫీల్ పిల్లలు ఐదుమందినీ స్కూలుకు తోలాలి. ఒకడు ఏడుస్తాంటాడు, ఇంకొకడు నా మెడ మీద జ్యూస్ పోస్తాంటాడు, పెద్ద పాప నా అరబ్బీలో తప్పులు దిద్దుతాంటుంది. ఊరి బయట కఫీల్‌కు ఒక మజ్రా ఉంది. మన లెక్కలో తోట. ఆడ గొర్రెలు, నాలుగు దూడలు. వాటిని చూసుకునే బంగ్లాదేశీ ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుని, మళ్ళీ రాకుండా ఇంటికి పోయినాడు. ఇదే అదనని నేను ఎగిరి దూకినాను. మా నాయన సంతలో ఎద్దుల బేరగాడు, పశువుల సంగతి నాకు పుట్టుకతోనే తెలుసు అని కఫీల్‌కు చెప్పినాను. నిజానికి నాయన బేరం చేస్తాంటే నేను తాడు పట్టుకుని బఠాణీలు తింటాంటి.

కఫీల్ మంచోడే, కానీ తెలివైనోడు. ముందు ఒక్క దూడను మేపి చూపించు అన్నాడు. కొండల మీదుండే అభా ఊరి నుంచి వాళ్ళన్న కుటుంబంతో వచ్చినప్పుడు దాన్నే కోస్తారు. మాంసం బాగుంటే మజ్రా నాకు, పిల్లలకు వేరే డ్రైవర్. అబ్బా, ఆ మాట వింటానే నా మెడ మీద జ్యూస్ ఆరిపోయినట్టనిపించింది.

ఇంకో మాట కూడా చెప్పినాడు. చివరి నెలల్లో పచ్చగడ్డి తగ్గించి బార్లీ, మొక్కజొన్న కలిపిన దాణా పెట్టాలంట. అట్లయితే దూడ కండ పడుతుంది, కొవ్వు తెల్లగా వస్తుంది, మాంసం మెత్తగా ఉంటుంది అని. దాణా మూటలు కూడా దింపించినాడు. నేను ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసినాను. పచ్చిమేతను మించిన మేత ఉందా లోకంలో? మూటల్లో గింజలు తిని ఏ పశువు బాగుపడింది? ఆ దాణా అంతా గొర్రెలకు పోసినాను. దూడకు మాత్రం పూటపూటా పచ్చని బర్సీం గడ్డి, మోపులకు మోపులు. గొర్రెలేమో పెళ్ళికొడుకుల మాదిరి తయారైనాయి. దూడ పొడుగైతే పెరిగింది గానీ వీపు మీద కండ లేదు. ఫిట్‌గా ఉందిలే అని సర్దుకున్నాను.

శుక్రవారం తెల్లారినాక దూడను కబేళాకు తోలుకుపోయినాను. నా రూమ్మేట్ సలీమన్న కూడా వచ్చినాడు. కడపాయన, ఈడ ఒక హోటల్లో వంట మాస్టర్. తలకాయ కూర వండి పెడతానని మొదటినుంచీ నా వెంట పడినాడులే. కఫీల్ ఇంట్లో తలకాయ వండరు. అందుకని సలీమన్న దూడ తల కొట్టించుకుని రూముకు పోయినాడు, నేను మాంసం పికప్‌లో వేసుకుని కఫీల్ ఇంటికి వచ్చినాను.

కఫీల్ వాళ్ళన్న, ఆ అభా పెద్దాయన, జీవితమంతా పశువులతో గడిపినోడు. గుడ్డ తీసి చూసినాడు. కొవ్వంతా పసుపు పూసినట్టుంది. వేలితో నొక్కి, వాసన చూసి, తమ్ముణ్ణి పక్కకు పిలిచినాడు. కొవ్వు ఇంత పసుపంటే ఇది ముసలి పశువు, నీ దూడను యాడనో అమ్ముకుని దీన్ని తెచ్చినాడు అని చెప్పినాడు. ఖర్మ కాలి నాకా మాత్రం అరబ్బీ అర్థమవుతుంది.

కఫీల్ అరిచింటే బాగుండు. అరవలేదు. నా వైపు చూసి మెల్లగా అన్నాడు. "కారు తాళాలు ఈడ పెట్టు."

ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఒక ఖర్జూరం కూడా అడక్కుండా తీసుకోలేదు నేను. దొంగ అని పంపించేస్తే ఊర్లో ఏ మొగం పెట్టుకుని తిరగాల? అప్పుడు గుర్తొచ్చింది. సంతలో నాయన ఏ పశువునైనా ముందు నోరు తెరిచి చూసేటోడు. పళ్ళు! తల తెస్తాను, పళ్ళు చూసి వయసు మీరే చెప్పండి అన్నాను. పెద్దాయన సరే తెమ్మన్నాడు.

కారు లేదు కదా, పరుగు. రూము రెండు వీధుల అవతల. తలుపు తీస్తే అల్లం వెల్లుల్లి వాసన గుప్పుమనింది. సలీమన్న పొయ్యి మీద పెద్ద గిన్నె పెట్టి నింపాదిగా గరిటె తిప్పుతాన్నాడు.

"అన్నా, కింది దవడ యాడ?"

"ఉడుకుతాంది. ఇంకొంచెం మెత్తబడనీరా."

"మెత్తబడితే పళ్ళు రాలిపోతాయన్నా, నా ఉద్యోగం కూడా!"

పట్టకారతో దవడను బయటికి లాగినాను. పళ్ళన్నీ ఉన్నాయి, అల్లా దయ. పళ్ళెంలో పెట్టుకుని మళ్ళీ పరుగు. జుమ్మా నమాజుకు పోయే జనమంతా ఆగి చూస్తాన్నారు. ఒకాయన యాడ పంచుతాన్నారని కూడా అడిగినాడు.

అతిథులు కూర్చునే మజ్లిస్ గదిలో పెద్దాయన కళ్ళద్దాలు పెట్టుకుని, టిష్యూతో మసాలా తుడిచి, ఒక్కొక్క పన్నూ చూసినాడు. "అన్నీ పాలపళ్ళే. ఇది దూడే" అన్నాడు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి. అల్లం ఘాటు అనుకోండి.

మరి కొవ్వు పసుపెందుకుంది, ఏం మేపినావు అని అడిగినాడు. బర్సీం అన్నాను. ఇంకా? బర్సీమే. దాణా ఏమైంది? గొర్రెలకు పోసినాను. అన్నదమ్ములిద్దరూ ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. తర్వాత పెద్దాయన నవ్విన నవ్వుకు నెత్తి మీది రుమాలు జారి ఒళ్ళో పడింది. పచ్చగడ్డిలో రంగు కొవ్వులోకి దిగుతుందంట, గింజల దాణా పెడితే అది తగ్గి తెల్లబడుతుందంట. మధ్యాహ్నం కబ్సాలో, అంటే వీళ్ళ మాంసం బిర్యానీలో, రుచి మా కొండల్లో మాంసం మాదిరే ఉందని మెచ్చుకున్నాడు కూడా. కానీ నమలాల. బాగా నమలాల. ఆ ఐదుమంది పిల్లలు నోరు మూసుకుని కూర్చోవడం నేను మొదటిసారి చూసినాను.

చేతులు కడుక్కున్నాక కఫీల్ నన్ను పిలిచి, కారు తాళాలు నా అరచేతిలో పెట్టి భుజం తట్టినాడు. "బాషా, నువ్వు నమ్మకమైనోడివి. అందుకే నా పిల్లల్ని నీకే వదిలేస్తాన్నాను. దూడలంటావా, పాపం నోరులేని జీవాలు, వాటిని తెలిసినోడెవరికైనా అప్పగిస్తాను" అన్నాడు.

నేను పొంగిపోయి రెండు చేతులూ పట్టుకుని షుక్రన్, షుక్రన్ అని థాంక్స్ చెప్పినాను. కారు స్టార్ట్ చేసి గేటు దాటినాక గానీ అర్థం కాలేదప్పా, ఆయన నన్ను తిట్టినాడని.