మా ప్రెసిడెంటు గారి రెండో నామినేషన్

నా స్నేహితుడు మొదటిసారి సర్పంచ్‌ పదవికి నిలబడినప్పుడు కావాలనే రాహుకాలంలో నామినేషన్ వేశాడు. ఎనభైల మొదట్లో మాట. నూజివీడు నుంచి చాట్రాయి వైపు వెళ్ళే దారికి లోపలగా, మామిడి తోటల మధ్య మా ఊరు. ఇద్దరం ఒకే బళ్ళో చదివాం. హేతువాద సభల్లో ఒకే వేదికెక్కాం. నేను అరిచేవాణ్ణి, అతను నవ్వించేవాడు. నేను బడిపంతులునై వ్యాసాలు రాసుకుంటుంటే, అతను రాజకీయాల్లోకి వెళ్ళాడు.

"నువ్వు రాసింది నలుగురు చదువుతారు. నేను చేస్తే ఊరంతా చూస్తుందిరా" అనేవాడు.

ఆ రోజు పంచాంగం చంకన పెట్టుకుని, రాహుకాలం వచ్చేదాకా కాచుకుని మరీ వెళ్ళి కాగితాలిచ్చాడు. గెలిచాడు. అప్పటినుంచి ఊరికి అతని పేరుతో పనిలేకపోయింది, అందరికీ 'ప్రెసిడెంటు గారు' అయిపోయాడు.

మా ఊరికి రోడ్డు లేదు. ఎర్రమట్టి బాట. ఎండాకాలం కాయల బళ్ళు ఎలాగో పోయేవి. వాన పడిందంటే చక్రాలు ఇరుసు దాకా దిగబడేవి. అతను సర్పంచ్ అయిన మరుసటేడు వానల్లో భార్యకు కాన్పు కష్టమైంది. జీపులో ఎక్కించి నూజివీడు ఆసుపత్రికి బయల్దేరాం. వాగు దాటగానే జీపు కూరుకుపోయింది. పక్క తోటలోంచి తెచ్చిన మంచం మీద మోసుకుంటూ తారురోడ్డు ఎక్కేసరికి ఆమె చల్లబడిపోయింది. కడుపులో బిడ్డా దక్కలేదు.

ఆమెను చంపింది బురద. కళ్ళున్న ఎవరికైనా కనిపించే సంగతి. కానీ దినాలు వెళ్ళకముందే ఆ ఇంటి వసారాలోనే ఒక ముసలామె అన్నమాట నా చెవిన పడింది.

"రాహువుతో పరాచికాలేంటమ్మా? మొగుడు ఆడాడు, పెళ్ళాం పోయింది."

పక్కనున్నవాళ్ళు తలలూపారు. దేవుడు లేడని నేనంటే రుజువు చూపించమని మీదకొచ్చిన మనుషులే వాళ్ళు. ఈ మాటకు ఒక్కరూ రుజువడగలేదు. స్తంభం పక్కన అతని కూతురు కూర్చుని ఉంది. చిన్నపిల్ల. అంతా విన్నది.

తర్వాత అతనికి ఒక్కటే ధ్యాస, ఆ రోడ్డు. సర్పంచ్ చేతిలో ఏముంది? అర్జీలు పెట్టాడు, తిరిగాడు, "చూద్దాం" అనిపించుకుని వచ్చాడు. ఇంతలో పంచాయతీ సమితులు పోయి మండలాలొచ్చాయి. మండలాధ్యక్షుడైతే మొదటి పని రోడ్డేనని అతను బయట ఎక్కువగా చెప్పలేదు. నాతో మాత్రం అన్నాడు. "ఈసారి నిలబడేది దానికోసమేరా. ఆ వాగు దగ్గర ఇంకో ఆడమనిషి పోకూడదు."

పార్టీ బీఫారం ఆఖరి రోజు పొద్దున గానీ చేతికి రాలేదు. ఆ రోజు గురువారం. బయల్దేరబోతుంటే కూతురు జీపుకి అడ్డం వచ్చింది. అప్పటికి హైస్కూల్లో చదువుతోంది. తండ్రి చెయ్యి లాక్కుని తన నెత్తిన పెట్టుకుంది.

"రాహుకాలంలో వెయ్యనని ఒట్టెయ్యి నాన్నా. అమ్మ పోయింది చాలు. నువ్వు కూడా పోతే నాకెవరున్నారు?"

నేను నోరు తెరిచాను. అతను వద్దన్నట్టు చూసి ఒట్టు వేశాడు.

గురువారం రాహుకాలం ఒకటిన్నర నుంచి మూడు దాకా. నామినేషన్లు తీసుకునేదీ మూడు దాకానే. పొద్దున్నే వెళ్ళి ఇచ్చేస్తే ఏ గొడవా లేదు. కానీ పోటీచేసే మనిషి ఊళ్ళ మీదుగా పోతూ ఆగకపోతే ఎలా? ప్రతి ఊళ్ళోనూ జీపు ఆపారు. దండలు, కొబ్బరికాయలు, హారతులు. క్రైస్తవుల పేటలో పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు. అభ్యర్థిని, ఆయన ఇంటిని, పాడిపంటలను, చివరికి జీపు టైర్లను కూడా ప్రభువుకు అప్పగించారు. కాదని లేచి రాగలమా? అన్ని దీవెనలూ మోసుకుని మండలాఫీసు చేరేసరికి రెండు కావస్తోంది.

అతను గేటు బయటే జీపు ఆపించాడు.

"దిగు" అన్నాను.

"మూడుకి వెళ్దాం."

"మూడుకి వాళ్ళు తలుపేస్తారు."

"సరిగ్గా ఆ వేళకే గడప దాటతా. మూడుకి లోపలున్న మనిషి దగ్గర కాగితాలు తీసుకోవాల్సిందే."

"నమ్ముతున్నావా నువ్వు? ఒక్కసారి నా మొహం చూసి చెప్పు."

"లేదురా. నాకు తెలీదా? కానీ పిల్ల ఇంట్లో గడియారం ముందు కూర్చునుంటుంది. రేపు నాకు జ్వరమొచ్చినా తనకి కంటిమీద కునుకుండదు."

"పోనీ వెనక కూర్చున్నాడుగా, నీ పేరు ప్రతిపాదించినాయన తీసుకెళ్ళి ఇస్తాడు. చెల్లుతుంది."

"ఎవరిచ్చినా పేరు నాదేగా" అన్నాడు.

సభల్లో ఆస్తికుల మీద గెలిచిన నా వాదాలేవీ ఒక పిల్ల భయం ముందు పనికిరాలేదు. అయినా వాదించాను, తిట్టాను, చెయ్యి పట్టుకుని లాగాను కూడా. అతను చేతి గడియారం మీదనుంచి కళ్ళు తీయలేదు. మూడు కావస్తుండగా తనే దిగాడు. గేటు దాటి, కాగితాలు పట్టుకుని మెట్ల దగ్గర నిలబడ్డాడు. అతని గడియారంలో ముల్లు ఇంకా మూడు మీదకు రాలేదు. లోపలి గోడ గడియారం అప్పటికే గంటలు కొట్టింది. బంట్రోతు తలుపు మూశాడు.

"బాబూ, ఇక్కడే ఉన్నానయ్యా!" అని తలుపు తట్టాడు. అధికారి కిటికీలోంచే గోడవైపు చూపించాడు. టైమైపోయిందండీ అన్నాడు, మర్యాదగానే. పంచాంగంలో రాహువు ఏ గడియారం చూసుకుంటాడో రాసి ఉండదు. ప్రభుత్వం మాత్రం తన గడియారమే చూసుకుంటుంది.

ఎదుటివర్గం వాళ్ళు వరండాలో బీడీలు కాలుస్తున్నారు. అందులో ఒకడు కేకేశాడు.

"ఏవండీ ప్రెసిడెంటు గారూ, రాహువు దిగాడా అండీ? దిగేముందు మా వాణ్ణి ఏకగ్రీవం చేసిపోయాడు!"

పగలబడి నవ్వారు. ఒకప్పుడు సభల్లో వందలమందిని నవ్వించిన మనిషి ఆ నవ్వుల మధ్యనుంచి తలవంచుకుని నడిచొచ్చాడు. కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. దారిలో ఊళ్ళవాళ్ళు జీపు ఆపి, "అయిందాండీ?" అని అడిగితే, డ్రైవరే ఏదో చెప్పాడు. వాగు దగ్గర మాత్రం జీపు ఆపమన్నాడు. దిగలేదు. కాసేపాగి పొమ్మన్నాడు.

ఇంటికి చేరేసరికి పొద్దువాలింది. కూతురు వీధిలోకి పరిగెత్తుకొచ్చింది.

"ఎప్పుడు వెళ్ళావు నాన్నా?"

"రాహుకాలం పోయాకేనమ్మా" అన్నాడు.

ఆ పిల్ల మొహం విప్పారింది. తల్లి పోయాక అంత తేటగా నవ్వడం నేను చూడలేదు. "అయితే ఇంక ఫర్వాలేదు" అని, కాళ్ళకు నీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళింది. తెల్లారితే బళ్ళో ఎవరో ఒకరు చెప్పేస్తారు. ఇప్పుడే మనం చెబితే మంచిదని అతని చెవిలో అన్నాను.

"ఈ పూటకి ఉండనీరా" అన్నాడు.

పిల్ల చెంబుతో నీళ్ళు తెచ్చింది. అతను కాళ్ళకున్న ఎర్రమట్టిని మెల్లగా, చాలాసేపు కడుక్కున్నాడు.